కంటి ఉత్తరాలు: పీజీ డాక్టరుకి చేయి కుదిరిందని ఎవరు చెప్పాలి?

పోయిన నెల ఈ శీర్షికలో మాటవరసకి ఒక సంగతి రాశాను. టీచింగ్ ఆసుపత్రుల్లో కొన్ని శుక్లం ఆపరేషన్లు పీజీ డాక్టర్లు చేస్తారని, పక్కన సీనియర్ ఉంటారని. అంతే, ఉత్తరాలు వచ్చిపడ్డాయి. కొందరు భయపడి రాశారు, కొందరు కోప్పడి రాశారు. ఒక పీజీ అయితే "మా గోడు కూడా వినండి మేడమ్" అని మూడు పేజీలు రాసింది. అందుకని ఈ నెల మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి వీటికే జవాబులిస్తున్నాను. కళ్ళ మంటల గురించి రాసిన మిర్చి యార్డు సోదరులు ఏమీ అనుకోవద్దు, వచ్చే నెల మొదటి ఉత్తరం మీదే.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నా గురించి రెండు ముక్కలు. ఇరవై ఏడేళ్ళు పీజీలకు కంటి ఆపరేషన్లు నేర్పాను. రిటైరై గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్నాను. ఇప్పటికీ ప్రతి బుధవారం పిల్లల ఆపరేషన్ వీడియోలు చూసి మార్కులు వేస్తాను.

"మా అత్తగారికి 68 ఏళ్ళు. గుంటూరులో శుక్లం ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. 'కొంత భాగం పీజీ డాక్టరు చేయొచ్చు, సంతకం పెట్టండి' అన్నారు. మావారు పెట్టేశారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఆ పిల్లాడికి చేతనవునో కాదో వాళ్ళకెలా తెలుస్తుంది?"
ఒక కోడలు, తెనాలి

అమ్మా, "కొంత భాగం" అన్నారు చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. శుక్లం ఆపరేషన్ ఇరవై నిమిషాల్లో అయిపోవచ్చు గానీ అందులో పది పన్నెండు పనులు వరసగా ఉంటాయి. కంటి చుట్టూ మందుతో శుభ్రం చేసి రెప్ప వెంట్రుకలు బయటికి రాకుండా షీటు అతికించడం. నల్లగుడ్డు అంచున రెండున్నర మిల్లీమీటర్ల కోత పెట్టడం. లెన్స్ ముందున్న పల్చటి పొరని గుండ్రంగా ఒలవడం. లోపలి శుక్లాన్ని నీళ్ళతో వదులు చేసి, ముక్కలు కొట్టి పీల్చేయడం. మిగిలిన గుజ్జు తీసేయడం, కొత్త లెన్స్ పెట్టడం, చివరికి కోత పెదవులు అతుక్కునేలా నీళ్ళెక్కించడం. పీజీకి ఇవన్నీ ఒకేరోజు అప్పగించరు. నేర్పడం చాలాచోట్ల తోక నుంచి తలకి సాగుతుంది. ముందు చివరి పని, అది కుదిరాక దాని ముందుది. మా అమ్మ నాకు పులిహోర కలపడం ముందు నేర్పింది, పులుసు కాచడం ఆ తర్వాత ఏడాదికి గానీ నేర్పలేదు. కలిపేటప్పుడు చెడగొట్టినా ఆవిడ సర్దుకోగలదు, పులుసు మాడిస్తే ఎవరూ సర్దలేరు. ఇదీ అంతే.

మనిషి కంటి దాకా రాకముందే మేక కళ్ళ మీద సాధన ఉంటుంది. నేను నేర్పే రోజుల్లో పొద్దున్నే మాంసం కొట్టుకి ఐస్ డబ్బా ఇచ్చి పీజీలని పంపేదాన్ని. తొమ్మిది లోపు రావాలి. ఎండెక్కితే నల్లగుడ్డు మసకేసి లోపల ఏమీ కనబడదు. కొట్టాయన గొణిగేవాడు, "కళ్ళు లేని తలకాయ ఎవరు కొంటారు డాక్టరమ్మా?" అని. ఆ కళ్ళ మీద పొర ఒలవడం మనిషి కంట్లో కంటే కష్టం. బాగా సాగుతుంది, పట్టు తప్పితే అంచుకి పరుగెడుతుంది. అక్కడ పదిసార్లు గుండ్రంగా ఒలిచాకే మైక్రోస్కోపు కింద మనిషి కన్ను.

ఇప్పుడు సిమ్యులేటర్లు కూడా వచ్చాయి. తెర మీద కన్ను కనబడుతుంది, చేతిలో పరికరం, కాలి కింద పెడలు, అంతా నిజంలాగే ఉంటుంది. ఇంగ్లండ్‌లో మొదటి రెండేళ్ళ ట్రైనీల లెక్కలు తీశారు. 2009లో వాళ్ళు చేసిన ప్రతి వంద ఆపరేషన్లలో 4.2 చోట్ల లెన్స్ వెనక పొర చిరిగేది. సిమ్యులేటర్ల మీద నేర్పడం పెరిగాక, 2015కి అది 2.6కి దిగింది. సున్నా కాలేదు చూడండి. సీనియర్ల చేతిలో కూడా సున్నా కాదు.

మీరు వెళ్ళి ఒక్క మాట అడగండి. "పీజీ చేస్తున్నప్పుడు సీనియర్ స్క్రబ్ అయి ఉంటారా?" గదిలో ఉండటం వేరు, చేతులు కడుక్కుని గ్లవ్స్ వేసుకుని పక్క స్టూలు మీద కూర్చోవడం వేరు. రెండోదైతే నిద్రపోండి. మొదటిదైతే "అయితే మాకు సీనియరే చేయాలి" అని చెప్పండి. ఆ హక్కు మీకుంది, సంతకం పెట్టాక కూడా ఉంది. మీ అత్తగారికి రెండో కన్ను ఇదివరకే పోయి ఉంటే మాత్రం అడగక్కర్లేకుండానే వాళ్ళే సీనియర్‌కి ఇవ్వాలి. ఒంటి కన్ను మనిషి మీద ఎవరూ నేర్చుకోకూడదు.

"పీజీ రెండో ఏడాది. లాగ్‌బుక్‌లో 62 కేసులున్నాయి. ప్రతి కేసు పక్కన మా సర్ 'శాటిస్‌ఫాక్టరీ' అని రాసి సంతకం పెడతారు. ఒకరోజు అంతా వచ్చేసినట్టు, మర్నాడు ఏమీ రానట్టు ఉంటుంది. ఒకటే టెన్షన్. నేను ఎక్కడున్నానో నాకెలా తెలుస్తుంది మేడమ్?"
ఒక పీజీ విద్యార్థిని, గుంటూరు

మా పిల్లల్లో దానివే కాబట్టి నువ్వు అంటున్నాను. నీ మూడు పేజీలు చదివి బీరువాలోంచి నా పాత లాగ్‌బుక్ తీశాను. నా పీజీ చివర్లో, పరీక్షకి పది రోజుల ముందు, మా పెద్ద సార్ క్యాంటీన్ టీ తాగుతూ నలభై కేసులకి ఒక్క విడతలో సంతకాలు పెట్టారు. మొదటిదాని పక్కన "శాటిస్‌ఫాక్టరీ", కిందంతా డిట్టో గుర్తులు. ఆయన చెడ్డవారేం కాదు. ఆ నలభైలో నాలుగు కూడా నిలబడి చూడలేదు, అంతే.

ఆర్నెల్ల తర్వాత ఒక చిన్న ఊళ్ళో ఒంటరిగా చేస్తుంటే వెనక పొర చిరిగింది. ఆ పొర మధ్యలో నాలుగు మైక్రాన్లు, వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. చిరిగితే వెనకున్న జెల్లీ ముందుకి తోసుకొస్తుంది. దాన్ని ఎలా సర్దాలో చదువుకున్నాను, ఒక్కసారి కూడా చేసి ఎరగను. ఎరగనన్న సంగతి నా లాగ్‌బుక్‌లో ఎక్కడా లేదు. మర్నాడు కట్టు విప్పితే ఆ పెద్దాయన వేళ్ళు లెక్కపెట్టగలిగాడు, అంతకు మించి లేదు. అయినా వారం తర్వాత చూపించుకోవడానికి వస్తూ సంచీడు పచ్చి వేరుశనక్కాయలు తెచ్చిచ్చాడు. అవి తినలేక నర్సులకి పంచేశాను.

అందుకే 62 అన్న అంకె నాకేమీ చెప్పదు. అంకె అసలే వద్దనను. అమెరికాలో పీజీ పూర్తయ్యేసరికి ముఖ్య సర్జన్‌గా కనీసం 86 శుక్లం ఆపరేషన్లు చేసి ఉండాలన్నారు. ఇంగ్లండ్‌లో చాలాకాలం 350 అన్న లెక్క నడిచింది. దాంతోపాటు వరసగా 50 కేసుల ఫలితాలు ఏరకుండా దాచకుండా చూపించమన్నారు. నాకు ఆ 50 మాటే నచ్చుతుంది. 62 సార్లు ఒకే తప్పు చేసినా లాగ్‌బుక్‌లో 62 అనే పడుతుంది.

నీకు కావలసింది ఆస్కార్. సినిమాలది కాదు. అంతర్జాతీయ నేత్రవైద్య మండలి తయారుచేసిన మార్కుల షీటు, ఉచితంగా దొరుకుతుంది. ఫేకోకి, అంటే శుక్లాన్ని ముక్కలు కొట్టి పీల్చేసే పద్ధతికి ఒకటి, కుట్టులేని చిన్న కోత ఆపరేషన్‌కి ఒకటి, మెల్లకన్నుకి, గ్లాకోమాకి ఇలా విడివిడిగా ఉన్నాయి. ఫేకో షీటులో 20 వరసలు. 14 ఒక్కో పనికి, మిగిలిన 6 మొత్తం తీరుకి. మైక్రోస్కోపు మధ్యలో కన్ను నిలుస్తోందా, కోత దగ్గర గుడ్డు మెలి తిరుగుతోందా, పరికరం మొన కంట్లో ఎంత లోతులో ఉందో తెలిసి కదుపుతున్నావా, ఇలాంటివి. ప్రతి వరసకీ నాలుగు గళ్ళు: 2, 3, 4, 5. రెండు అంటే ఇప్పుడే మొదలుపెట్టిన చేయి, ఐదు అంటే పని వచ్చిన చేయి. ఏది కనబడితే ఏ గడో మాటల్లో రాసిపెట్టారు. "బాగుంది" అని రాయడానికి ఆ షీటులో ఎక్కడా గడి లేదు.

పొర ఒలిచే వరస తీసుకో, మనం రెక్సిస్ అంటామే అది. ఎవరి చేయి ఎంతో నాకు ఆ ఒకటిన్నర నిమిషంలో తెలిసిపోతుంది. రెండు మార్కుల చేయి పొర వెంట పడుతుంది. చిరుగు ఎటు పోతే అటు ఫోర్సెప్స్ పోతుంది. పట్టుకున్న చోటు చిరుగుకి దూరంగా ఉంటుంది కాబట్టి లాగిన కొద్దీ అంచుకి జారుతుంది, పీజీ ఊపిరి బిగబడుతుంది, పక్కన నేను "వదిలి మళ్ళీ పట్టుకో" అంటాను. మూడు మార్కుల చేయి నేననకుండానే వదిలి పట్టుకుంటుంది, కానీ ఆలస్యంగా. నాలుగు మార్కుల చేతికి ఒకటి రెండు అనవసరపు కదలికలు ఉంటాయి, గుండ్రం మాత్రం వస్తుంది. ఐదు మార్కుల చేయి చూస్తే ఏమీ జరుగుతున్నట్టే ఉండదు. పావు వంతు ఒలవగానే పట్టు వదిలి, చిరుగు మొదట్లోనే మళ్ళీ పట్టుకుని, మధ్యలోకి చూసుకుంటూ తిప్పుకొస్తుంది. అయిదు, అయిదున్నర మిల్లీమీటర్ల వృత్తం. ఆరు మిల్లీమీటర్ల లెన్స్ అంచుని చుట్టూ కప్పాలి కదా, అందుకు ఆ కొలత. ఇంటి దగ్గర సాధనకి టమాటాని వేడినీళ్ళలో ఒక నిమిషం ముంచి తొక్క మీద గుండ్రం ఒలిచి చూడు. మా వంటమనిషి చారులో టమాటాలన్నీ బోడిగా ఉన్నాయని ఏడ్చేది.

ఇప్పుడు పని చెప్తాను. మైక్రోస్కోపు రికార్డింగు పెన్‌డ్రైవ్‌లో తీసుకో, రోగి పేరు కనబడకుండా. ఆ రాత్రే చూసి షీటు నువ్వే నింపు. మర్నాటికి వాయిదా వేశావో, నీ మనసు నీకు రెండు మార్కులు కలిపేస్తుంది. తర్వాత ఖాళీ షీటు ఇంకోటి పట్టుకెళ్ళి సర్‌తో "ఈ ఒక్క కేసుకి మార్కులేస్తారా సర్" అను. మొత్తం 62కి అడిగితే తిడతారు, ఒక్కదానికి ఎవరూ కాదనరు. రెండు షీట్లు పక్కపక్కన పెట్టు. మీ ఇద్దరూ ఒకే గడిలో టిక్కు పెట్టినచోట నీకు బెంగ లేదు. నువ్వు 5 అనుకుని సర్ 3 వేసిన వరస ఏదో చూడు. నెలంతా ఆ ఒక్క వరస మీదే కూర్చో.

షీటు అడుగున నేను మాత్రం చేత్తో ఒక వాక్యం కలుపుతాను, ఆ పీజీ ఎక్కడ ఆగిందో. ఏ క్షణాన "మేడమ్, ఇక నాకు రాదు" అంది, పొర చిరగకముందా, చిరిగాకా? మొత్తం 100కి 80 వచ్చి, చిరిగాక కూడా నోరు మెదపని పిల్లల కంటే, 60 వచ్చి ముందే చెప్పిన పిల్లలకి నేను త్వరగా పూర్తి కేసు ఇచ్చాను. దీనికి షీటులో వరస లేకపోవడం దాని లోటే అనుకుంటాను.

"అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి రెండేళ్ళు. మార్కులు వేయాలంటే మొహమాటం. తక్కువ వేస్తే పిల్లలు ముఖం మాడ్చుకుంటారు, ఒకరి నాన్నగారు ఫోన్ కూడా చేశారు. ఈ మధ్య అందరికీ 4 వేసేస్తున్నాను. తప్పంటారా?"
విజయవాడ నుంచి ఒక యువ డాక్టరు

తప్పే బాబూ. అందరికీ 4 వేస్తే అది మీ సంతకమే, మార్కు కాదు. నా సార్ డిట్టో గుర్తులకీ దానికీ తేడా లేదు.

అయితే మొహమాటాన్ని ఉపన్యాసాలతో పోగొట్టలేం, ఉపాయం కావాలి. మన వృత్తిలో ఒక అదృష్టం ఉంది. ఆపరేషన్ వీడియోలో సర్జన్ ముఖం కనబడదు. కన్ను, రెండు పరికరాలు, అంతే. శబ్దం తీసేసి, పేర్లు తీసేసి, అంకెలు పెట్టించి చూడండి. నేను మొదటిసారి అలా చూసినప్పుడు సిగ్గుపడ్డాను. థియేటర్లో "గుడ్ మార్నింగ్ మేడమ్" అని వినయంగా నిలబడే కుర్రాడికి ఎప్పుడూ 4, 5 వేసేదాన్ని. పేరు లేని వీడియోలో అతని నల్లగుడ్డు కోత దగ్గర ప్రతిసారీ ముడతలు పడుతోంది, 3 వేశాను. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చి నాతో చీవాట్లు తినే పిల్లది అన్నిటికంటే శుభ్రమైన చేయి. ఆ రెండు అంకెల పక్కన పేర్లు చదివి కాసేపు మాట్లాడలేదు.

నెలకోసారి ఇంకో టీచర్‌ని కూర్చోబెట్టుకుని ఒకే వీడియోకి ఇద్దరూ విడిగా మార్కులేయండి. మొదటి నెల గొడవపడతారు, మంచిదే. "వెంట పడటం" అంటే మీకేమిటో ఆయనకేమిటో అప్పుడు తేలుతుంది.

ఇంకో రెండు సంగతులు. కేసు ఎంత కష్టమో రాయకుండా మార్కు వేయకండి. పల్నాడు పల్లెల నుంచి డెబ్బై దాటాక వచ్చే శుక్లాలు మీకు తెలుసు, చింతగింజ రంగు, చింతగింజ గట్టితనం. దాని మీద 3 తెచ్చుకున్న పీజీ, మెత్తటి శుక్లం మీద 4 తెచ్చుకున్నవాడికి తీసిపోదు. రెండోది, వేగానికి మురిసిపోకండి. "సర్, ఏడు నిమిషాల్లో చేశాను" అని చెప్పుకునేవాళ్ళని చూస్తుంటాం. ఇరవై వరసల్లో వేగానిది ఒక్క వరసే, అదీ ఆగి ఆగి చేయకుండా సాఫీగా సాగిందా అన్నదానితో కలిపి.

ఫోన్ చేసిన నాన్నగారికి ఆ వీడియో చూపించండి. మళ్ళీ చేయరు.

"మా అబ్బాయికి కంటి పీజీ సీటు వచ్చింది. కానీ ఎడమచేతి వాటం. పైగా టీ కప్పు పట్టుకుంటే చేయి సన్నగా వణుకుతుంది. వేరే బ్రాంచి తీసుకోమనమంటారా?"
ఒక తండ్రి, గుడివాడ

వద్దండి. ఎడమచేతి వాటం అసలు సమస్యే కాదు. మా పనిలో రెండు చేతులూ, రెండు కాళ్ళూ వాడాలి. ఒక కాలు మైక్రోస్కోపు పెడలు మీద, ఇంకోటి ఫేకో పెడలు మీద. లారీ డ్రైవరు లాగే. నేర్పే టీచర్ కుడిచేతి వాటమైతే మొదట్లో కాస్త తికమక ఉంటుంది, అద్దంలో చూసి నేర్చుకున్నట్టు. నా విద్యార్థుల్లో ముగ్గురు ఎడమచేతివాళ్ళు, ముగ్గురూ బాగా చేస్తున్నారు.

సన్నటి వణుకు అందరికీ ఉంటుంది, మైక్రోస్కోపు దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. మణికట్టు ఆన్చుకోవడం, కుర్చీ ఎత్తు సరిచూసుకోవడం, ముందురోజు నిద్ర, థియేటర్ ముందు రెండో టీ మానడం, వీటితో చాలావరకు పోతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా వణుకుతుంటే న్యూరాలజిస్టుకి చూపించండి. చేరేముందు తప్పక చేయించాల్సింది వేరే ఉంది. రెండు కళ్ళతో లోతు తెలిసే చూపు ఉందో లేదో పరీక్ష. అది లేకపోతే మైక్రోస్కోపు కింద బాగా కష్టపడాలి.

చేతుల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మధురైలో 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టిన డాక్టర్ వెంకటస్వామి వేళ్ళు కీళ్ళవాతంతో వంకర్లు తిరిగిపోయాయి. కత్తి పట్టుకోవడం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నారు. ఆ వేళ్ళతోనే లక్షకి పైగా ఆపరేషన్లు చేశారు.

"అమ్మా, సుశ్రుతుడు ఏ మార్కుల షీటు చూసి శుక్లం వైద్యం చేశాడు? మా చిన్నప్పుడు డాక్టర్లకి ఈ పరీక్షలున్నాయా? ఇదంతా పాశ్చాత్యుల హడావుడి."
రిటైర్డ్ ఉపాధ్యాయులు, సత్యనారాయణపురం, విజయవాడ

మాస్టారూ, సుశ్రుతుడి పేరెత్తి నాకు మేలు చేశారు. సుశ్రుత సంహితలో ఇందుకోసం ఒక అధ్యాయమే ఉంది. శాస్త్రమంతా చదివినా చేతితో సాధన చేయనివాడు పనికి తగడంటాడు. కోతలు కోయడం గుమ్మడికాయ, సొరకాయ, పుచ్చకాయ, దోసకాయల మీద నేర్పమంటాడు. రక్తనాళం గుచ్చడానికి చచ్చిన జంతువుల నాళాలు, తామరకాడలు వాడమంటాడు. మాంసం కొట్టు నుంచి మేక కళ్ళు తెప్పించిన నేను పాశ్చాత్యుల దారిలో పోయానో మనవాళ్ళ దారిలో పోయానో మీరే చెప్పండి.

మీ చిన్నప్పటి సంగతికొస్తే, అప్పుడు శుక్లం తీసేసి సోడాబుడ్డి కళ్ళద్దాలిస్తే చాలు, దండం పెట్టేవారు. కంట్లో లెన్స్ పెట్టడం లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లో మొదలుపెట్టినా మన జిల్లాలకి రావడానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు మీరే, ఆపరేషన్ మర్నాడు పేపరు అద్దాలు లేకుండా చదవలేకపోతే డాక్టరుని నిలదీస్తారు. అవునా?

"నేత పని చేస్తాను. నెల కిందట కుడికంటికి శుక్లం తీశారు. చూపు బాగుంది, చీర అంచు పోగులు లెక్కపెడుతున్నాను. కానీ ఆపరేషన్ జరిగేటప్పుడు పెద్ద డాక్టరుగారు 'ఆగు... కాలు తీయకు... నాకివ్వు' అన్నారు. నా కాలు కదిలిందేమో అని భయమేసి చివరిదాకా బిగబట్టుకుని పడుకున్నాను. ఏదైనా తప్పు జరిగిందా డాక్టరమ్మా?"
ఒక సోదరి, మంగళగిరి

తల్లీ, ఆ కాలు మీది కాదు. ఆపరేషన్ చేస్తున్న డాక్టరుది.

మీరు మగ్గం కింద కాలితో తొక్కే చెక్కలు ఉంటాయి కదా, మాకూ అలాంటిదే ఉంటుంది. కొంచెం తొక్కితే కంట్లోకి నీళ్ళు పారతాయి, ఇంకొంచెం తొక్కితే పీల్చుకుంటుంది, పూర్తిగా తొక్కితే శుక్లం ముక్కలవుతుంది. ఏదైనా తేడా అనిపించినప్పుడు కొత్త డాక్టరు మొదట చేసే తప్పు, భయపడి కాలు ఎత్తేసి పరికరం బయటికి లాగేయడం. నీళ్ళు ఆగిపోతే కన్ను ఒక్కసారి చప్పబడిపోతుంది. వెనక పొర అప్పటికే కాస్త చిరిగి ఉంటే జెల్లీ ముందుకి వచ్చేస్తుంది. అందుకని కాలు పూర్తిగా ఎత్తకుండా నీళ్ళు పారే మెట్టు మీద ఉంచి, పక్క రంధ్రంలోంచి జిగురు మందు నింపి, అప్పుడు మెల్లగా పరికరం తీయాలి. "కాలు తీయకు" అంటే అదీ అర్థం. మీ విషయంలో పొర చిరిగిందని కాదు, చిరుగుతుందేమో అనిపించినా అదే మాట అంటాం. మీ డిశ్చార్జి కాగితంలో లెన్స్ "బ్యాగ్‌లో", అంటే పాత లెన్స్ పొర సంచిలో, పెట్టామని ఉంటే పెట్టాల్సిన చోటే పెట్టారన్నమాట. పోగులు లెక్కపెడుతున్నారంటే ఇక చెప్పేదేముంది. ఒకవేళ కన్ను ఎర్రబడినా, నొప్పెట్టినా, చూపు తగ్గినా, ఎదురుగా నల్లటి తెర దిగినట్టున్నా ఆ రోజే వెళ్ళండి, ఆదివారమైనా సరే.

చుక్కల మందుతోనో కంటి పక్కన సూదితోనో చేసే ఆపరేషన్‌లో రోగికి అంతా వినబడుతుంది. ఈ సంగతి మాకు తెలిసీ మరిచిపోతాం. నా థియేటర్లో నోటితో ఏమీ అనేదాన్ని కాదు. నా వేలు పీజీ మణికట్టుకి తగిలితే చేయి ఉన్నచోటే ఆగిపోవాలి, కాలు నీళ్ళు పారే మెట్టు మీద నిలవాలి. బుధవారం వీడియోల్లో నేను ముందుగా వెతికేది ఆ క్షణాన్నే. పరికరం కంట్లో కదలకుండా నిలబడిపోయి, ఒక్క నీళ్ళు మాత్రం పారుతూ కనబడతాయి. పెద్ద డాక్టరు చేతిలోకి తీసుకున్న ఆ పని వరసలో మీ పీజీకి మార్కు పడి ఉండదు. అడుగున ఆయన ఏం రాశారో నాకు తెలియదు గానీ, నేనైతే "కాలు తీయలేదు" అని రాసి ఉండేదాన్ని.

అంతసేపు కాలు బిగబట్టుకున్నారు, పిక్కలు పట్టేసి ఉంటాయి. దానికి మావాళ్ళ తరఫున నన్ను క్షమించండి.